మంచు, బురద, బెల్లం

మా ఊళ్ళో వసంతం కోయిల కూతతో రాదండీ, స్కంకు కంపుతో వస్తుంది.

నమ్మరేమో గానీ నిజం. ఫిబ్రవరి నెలాఖర్లో ఏదో ఒక రాత్రి, బయట ఇంకా మోకాలి లోతు మంచు ఉండగానే, కిటికీ సందుల్లోంచి కాలిన రబ్బరూ కుళ్ళిన వెల్లుల్లీ కలిపినట్టు ఒక వాసన వస్తుంది. మొదటి ఏడాది గ్యాస్ లీకేమో అనుకుని పొయ్యి ఆపేసి, చలికోటు వేసుకుని బయటికి పరిగెత్తాను. పక్కింటి ముసలాయన కుక్కని తిప్పుతూ కనబడి, "శుభవార్త! స్కంకులు లేచాయి" అన్నాడు. పిల్లంత జంతువు, ఒంటి మీద తెల్ల చారలు, తోక కింద ఆయుధం. చలికాలమంతా బొరియల్లో ముడుచుకుని పడుకుని, జత వెతుక్కోవడానికి ఈ రోజుల్లోనే బయటికొస్తాయి. వచ్చినవి వచ్చినట్టే కార్ల కింద పడుతుంటాయి. ఆ వాసన కిలోమీటరు దూరం కొడుతుంది. ఇక్కడి వాళ్ళకి అదే మావిచిగురు.

ఊరి పేరు ఎల్మైరా. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో, వాటర్లూ నుంచి కార్లో ఇరవై నిమిషాలు. జనాభా పదివేల పైచిలుకు. వాటర్లూలో ఆఫీసు, అక్కడ అద్దెలు చూసి కళ్ళు తిరిగి ఇక్కడొచ్చి పడ్డాను. చుట్టుపక్కల పల్లెలన్నీ మెనోనైట్ల పొలాలు. వీళ్ళలో పాత ఆచారం పాటించేవాళ్ళు కార్లు నడపరు, నల్లటి గుర్రబ్బళ్ళలో తిరుగుతారు, ఇంట్లో ఒకరకం జర్మన్ మాట్లాడుకుంటారు. సరుకుల కొట్టు పక్కనే గుర్రాలు కట్టుకోవడానికి షెడ్డు ఉంటుంది. నేను లాప్‌టాప్‌లో క్లౌడ్ సర్వర్లు కిందా మీదా చేస్తుంటే కిటికీ బయట టకటకా గుర్రం పోతుంది. మొదట్లో ఫోటోలు తీసి మా కాలేజీ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఫోటోలు తీయడం వాళ్ళకి ఇష్టం ఉండదని తెలిశాక మానేశాను.

ఇప్పుడు చెప్పబోయేది 2025 మార్చి సంగతి. ఆ ఏడాది ఫిబ్రవరిలో దక్షిణ ఒంటారియో అంతా మంచు మామూలుగా పడలేదు. వారం తిరక్కుండా రెండు తుఫాన్లు. పొద్దున్నే లేచి ఇంటి ముందు గంటసేపు పార పట్టి శుభ్రం చేసుకుని లోపలికొచ్చి టీ పెట్టుకుంటే, మునిసిపాలిటీ ప్లౌ బండి వచ్చి రోడ్డు మీద మంచంతా తీసి సరిగ్గా నా గుమ్మానికి అడ్డంగా గోడ కట్టి పోయేది. ఆ గోడ మామూలు మంచు కాదు, ఉప్పూ ఐసూ కలిసిన కాంక్రీటు. మా నాన్నకి ఫోన్లో ఈ బాధ చెప్తే, "పార పట్టడం నేర్పింది నేనే గదేటి, పట్టు" అన్నాడు.

మార్చిలో గడియారం మారింది. తొమ్మిదో తారీఖు తెల్లవారుజామున రెండు గంటలు కాగానే మూడైపోతుంది, అంటే ఆ రోజు రెండున్నర అనే సమయమే ఉండదు. మా టీములో ఒకడు సరిగ్గా రెండున్నరకి నడిచేలా ఒక జాబ్ పెట్టి ఉంచాడు. అది నడవలేదు. సోమవారం పొద్దున్న దాని మీద గంటన్నర మీటింగు. గడియారం మార్పు వల్ల నాకు జరిగిన మేలు ఒకటే: ఇంటికీ నాకూ మధ్య పదిన్నర గంటల దూరం తొమ్మిదిన్నరకి తగ్గుతుంది. గంటే కదా అనకండి. నేను భోంచేసే వేళకి అమ్మ టీ పెడుతుంటుంది, ఆ గంటతో లెక్క కుదురుతుంది.

ఇక మంచు కరగడం మొదలైతే ఊరు చూడ్డానికి ఎంత అందవికారంగా ఉంటుందో చెప్పలేను. క్యాలెండర్లలో వేసేది జనవరి మంచు, తెల్లగా, దూదిలా. మార్చి మంచుని ఎవడూ ఫోటో తీయడు. రోడ్ల పక్కన బొగ్గు రంగులో, పుండు పొక్కుల్లా తేలి ఉంటుంది. దాని కిందనుంచి నాలుగు నెలల భాగోతం బయటపడుతుంది. కాఫీ కప్పులు, లాటరీ టికెట్లు, ఎవరిదో ఒంటి చెప్పు, గుర్రపు లద్దె, కుక్కల యజమానులు "ఎవరూ చూడలేదులే" అనుకుని వదిలేసినవి కూడా. నిజానికి మంచు కుప్ప మన స్టాక్ లాంటిది, ఆఖర్న పడింది ముందు కరుగుతుంది. డిసెంబరు మొదటి వారంలో పోయిన నా ఎడమచేతి గ్లౌవు అందుకే ఏప్రిల్ దాకా దొరకలేదు. దొరికేసరికి కుడిచేతిది పారేశాను లెండి.

రోడ్ల మీద గుంటలు చూసినప్పుడు మాత్రం ప్రాణం లేచొస్తుంది. కెనడా వచ్చి అనకాపల్లి రోడ్లని గుర్తు చేసుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు. పగలు కరిగిన నీళ్ళు పగుళ్ళలోకి దిగుతాయి, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, మర్నాడు లారీ ఎక్కగానే ఆ ముక్క లేచిపోతుంది. నేల మెత్తబడిపోతుందని ఈ రెండు నెలలూ చాలా రోడ్ల మీద బరువైన లారీలకి సగం లోడే వెయ్యాలని ఆంక్షలు పెడతారు. పొలాల్లో ఎరువు వాసన అప్పుడే మొదలవుతుంది. గడ్డకట్టిన నేల మీద పేడ ఎరువు వేయకూడదని ఇక్కడ నిబంధన, అందుకని రైతులంతా నేల విడిచిన మొదటి వారంలోనే చల్లేస్తారు. స్కంకు, పేడ, బురద... ముక్కుతో చూడాల్సిన ఋతువు ఇది.

పిట్టలు కూడా వస్తాయి, అన్యాయం చెప్పకూడదు. రోబిన్ అని నారింజ రంగు పొట్టతో ఒకటి వస్తుంది. రెక్కల దగ్గర ఎర్ర మచ్చ ఉన్న నల్లపిట్ట ఇంకొకటి, అందులోనూ మగవి ముందుగా వచ్చి కాలవ గట్టున రెల్లులాంటి గడ్డి చివర ఊగుతూ స్థలం నాదంటే నాదని అరుస్తుంటాయి. ఆడవి తరవాత తీరిగ్గా వస్తాయి. మా బాచ్‌లో ముందు వీసా మీద వచ్చి ఇల్లు అద్దెకి తీసుకుని ఐకియా మంచాలు బిగించి పెళ్ళాల కోసం ఎదురుచూసిన వాళ్ళు నాకు గుర్తొస్తారు. పెద్ద బాతులు, కెనడా గూస్ అంటారే, గుంపులుగా ఆకాశంలో బాణం గీసుకుంటూ తిరిగొస్తాయి. చూడ్డానికి గంభీరంగా ఉంటాయి గానీ పరమ దుర్మార్గపు పక్షులు. మా ఆఫీసు పార్కింగులో ఒక జంట గూడు పెట్టి, మా మేనేజర్ని రెండుసార్లు తరిమాయి. ఏమాటకామాటే, ఆయన్ని ఎవరైనా తరమడం చూడ్డానికి అందరూ కిటికీల దగ్గర నిలబడ్డారు.

అసలు విషయానికొస్తాను.

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. అనకాపల్లి పేరు చెప్తే బెల్లం అనని తెలుగువాడు ఉండడనుకుంటాను, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. మాకు రెండెకరాల చెరకు, ఒక గానుగ, ఒక పెనం. తాత వండాడు, నాన్న వండాడు. నేను మాత్రం ఇంజనీరింగు చదివాను. చిన్నప్పుడు సంక్రాంతి సెలవులంటే నాకు గాలిపటాలు కాదు, పెనం పక్కన కూర్చోవడం. రసం పోసి, ఎండిన చెరకు పిప్పితో మంట పెట్టి, సున్నం నీళ్ళు కలిపి, పైకి తేలిన తెట్టు తీసేస్తూ గంటల తరబడి కలుపుతారు. పొంగొచ్చినప్పుడు నాన్న చెంచాడు నూనె వేసేవాడు, ఎవరో తిట్టినట్టు పొంగు చప్పున అణిగిపోయేది. తరవాత చల్లనీళ్ళలో రెండు చుక్కల పాకం వేసి వేళ్ళతో ఉండ చేసి చూసేవాడు. థర్మామీటరు లేదు, గడియారం లేదు, ఆ ఉండే లెక్క.

కొన్నేళ్ళుగా అది గిట్టుబాటు కావడం లేదు. చెరకు నరకడానికి మనుషులు దొరకరు. రంగు కోసం హైడ్రోసు వేసి తెల్లగా చేసిన బెల్లానికి ధర పలుకుతుంది, నాన్న వండే నల్లబెల్లాన్ని "కలరు లేదు" అని తగ్గించి అడుగుతారు. నవంబర్లో ఫోన్ చేసి "ఈ సంక్రాంతికే ఆఖరి వంట. మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. వీలయితే రా" అన్నాడు. మా నాన్న నన్ను రమ్మని అడగడం అదే మొదటిసారి. సరిగ్గా ఆ వారమే మాకు పెద్ద రిలీజు. టికెట్టు చూస్తే రెండు వేల డాలర్లు దాటింది. నేను వెళ్ళలేదు. రిలీజు ఎలాగూ ఫిబ్రవరికి వాయిదా పడింది, అది వేరే కథ. గట్టిగా అడిగితే సెలవు ఇచ్చేవాళ్ళే. అడగలేదు, అంతే.

ఆఖరి వంటలోంచి ఒక దిమ్మ పగలగొట్టి, అందులో కిలో ముక్క గుడ్డలో మూటకట్టి, విశాఖ నుంచి వస్తున్న మా కొలీగ్ చేతికిచ్చి పంపారు. ఫిబ్రవరి మంచు తుఫాన్లో అది నా ఇంటికొచ్చింది. మూట విప్పితే పొగ వాసన.

మార్చి 22, శనివారం. రాత్రి మైనస్ అయిదు, పగలు ప్లస్ అయిదు. ఇక్కడ దీన్ని "సిరప్ వాతావరణం" అంటారు. ఊరవతల ఒక పొలం గేటు దగ్గర చెక్క పలక చాలాసార్లు చూశాను: మేపుల్ సిరప్, కోడిగుడ్లు, ఆదివారం అమ్మకాలు లేవు. ఆ రోజెందుకో బండి ఆపాను. కొట్టం కప్పు మీదనుంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. దిగి తలుపు తీసేసరికి ముఖానికి కొట్టింది వాసన. నిలబడిపోయాను. అది మా ఇంటి వాసన. పూర్తిగా అదే కాదు, చెరకు పచ్చివాసన బదులు కొంచెం కట్టె వాసన, వెనీలా లాంటిదేదో... కానీ పొంగుతున్న తీపి, కింద కట్టెల మంట, ఆ తడి వేడి మాత్రం అచ్చంగా అదే.

పొడుగాటి స్టీలు పెనం, దాని ముందు సస్పెండర్లు వేసుకుని అరవై దాటిన ఒక మెనోనైట్ రైతు. ఆయన మనవడు కాబోలు, పదేళ్ళవాడు, కట్టెలు అందిస్తున్నాడు. నేను సిరప్ కొనడానికి వచ్చాననుకుని సీసాలు చూపించాడు. మా నాన్న కూడా ఇదే పని చేస్తాడని చెప్పాను. చెట్టుతో కాదు, చెరకుతో అన్నాను. ఆయన గరిటె పక్కన పెట్టి మొదటిసారి నా వైపు సరిగ్గా చూశాడు.

ఆయన చెప్పింది, నేను తరవాత చదువుకుంది కలిపి చెప్తాను. రాత్రి గడ్డకట్టినప్పుడు చెట్టు లోపల కొమ్మల్లోకి నీరు లాక్కుంటుంది, పగలు కరిగేసరికి లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ కన్నం ఉంటే అక్కడినుంచి కారుతుంది. కల్లు గీత లాంటిదే, కాకపోతే చెట్టెక్కక్కర్లేదు. నడుమెత్తున చిటికెన వేలు పట్టనంత కన్నం చేసి గొట్టం బిగిస్తారు. చెట్టు నలభై ఏళ్ళదైనా అయ్యుండాలి. కారేది దాదాపు నీళ్ళే, రెండు శాతం తీపి ఉంటే గొప్ప. చెరకు రసంలో పదిహేను నుంచి ఇరవై శాతం ఉంటుంది. అందుకే నలభై లీటర్లు మరిగిస్తే ఒక లీటరు. తెల్లవాళ్ళు ఇక్కడికి రాకముందు నుంచే ఇక్కడి ఆదివాసులు ఇది చేసేవారు, వాళ్ళ దగ్గరే వీళ్ళు నేర్చుకున్నారు. ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో డెబ్బై శాతం పైగా పక్కనున్న క్యూబెక్ రాష్ట్రానిదే. అక్కడ దానికి పెట్రోలు నిల్వల్లాగా గిడ్డంగి కూడా ఉంది, 2011-12 లో ఆ గిడ్డంగి నుంచి మూడు వేల టన్నుల సిరప్ దొంగలు తోడుకుపోయారు కూడా! బెల్లం గోడౌనుకి చీమలు పట్టడం విన్నాం గానీ ఇది మరీ...

సరిగ్గా అప్పుడే పెనంలో పొంగొచ్చింది. పెద్దాయన చిన్న వెన్నముక్క తీసి వేశాడు. నురుగు చప్పున అణిగిపోయింది.

నేను ఫోన్ తీశాను. ఇంటి దగ్గర అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. "మా నాన్నకి చూపించొచ్చా?" అని అడిగితే ఆయన కొంచెంసేపు ఆలోచించి, "నా ముఖం వద్దు, పిల్లవాడి ముఖం వద్దు. పెనం చూపించు" అన్నాడు.

నాన్న అన్నం దగ్గర్నుంచి లేచొచ్చాడు, చెయ్యి కూడా కడుక్కోలేదు.

"ఏట్రా అది? పెనమా? చదరంగా ఉందేటి?"

"ఆ. చెట్టు నీళ్ళు కాస్తున్నారు."

"ఎన్ని బిందెలకి ఎంతొస్తాది?"

"నలభైకి ఒకటి."

"నలభైకా!" నాన్న నవ్వాడు. జనవరి తరవాత ఆ నవ్వు వినడం అదే. "మనకి పదికి ఒకటి పైనే వస్తాదిరా. కట్టెలకే ఆస్తి అమ్ముకోవాలి గదా ఇలాగైతే. పాకం ఎలా చూస్తన్నాడో అడుగు."

అడిగాను. పెద్దాయన చదును గరిటె ముంచి పైకెత్తి చూపించాడు. చుక్కలు చుక్కలుగా పడితే కాలేదని, అంచున రెండు చుక్కలు కలిసి తెరలాగా జారితే అయిందని. థర్మామీటరు ఉంది, నీళ్ళు మరిగే వేడి మీద నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించాలి, "కానీ అది కొడుకులకి, నాకు అక్కర్లేదు" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. నాన్న తలూపాడు. "తెలిసినోడు" అన్నాడు. ఆ తరవాత పది నిమిషాలు మధ్యలో నేను ఉన్నానన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. సున్నం వేస్తారా, వేయరు. తెట్టు ఎక్కడ పారేస్తారు. సీజను ఎన్నాళ్ళు. నాలుగైదు వారాలే, మొగ్గలు ఉబ్బగానే రుచి చెడిపోతుంది, ఆపెయ్యాలి. నల్లగా వస్తే ధర తగ్గిస్తారా? ముందు కాసింది బంగారు రంగు, చివర్లో కాసింది నలుపు. ఒకప్పుడు నలుపుని ఎవరూ అడిగేవారు కాదు, ఇప్పుడు కొందరు దాన్నే వెతుక్కుంటూ వస్తున్నారు. ఇది విని నాన్న "ఆఁ..." అని ఊరుకున్నాడు.

అప్పుడు పెద్దాయన అడిగాడు, చాలా మామూలుగా, మంట సర్దుతూ: "ఆయన తరవాత ఎవరు కాస్తారు?"

నాన్న ఫోన్లోంచి అడిగాడు, "ఏటంటన్నాడు?"

"ఏం లేదు నాన్నా. ఎప్పుడు మొదలెట్టావని అడుగుతున్నాడు."

"పన్నెండేళ్ళప్పుడు అని చెప్పు."

చెప్పాను. పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. ఇంగ్లీషు రానివాళ్ళ మధ్య దుబాసీ చేసే అబద్ధాలు ఇంట్లో జర్మన్ మాట్లాడే మనిషికి తెలియవనుకున్నాను. తెలిసే ఉంటాయి. మళ్ళీ అడగలేదు.

మర్నాడు ఆదివారం, అమ్మకాలు లేవు. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ నాన్న పంపిన బెల్లంలో పిడికెడు ముక్క కాగితంలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన జేబుకత్తితో పెచ్చు తీసి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించాడు. "ఆఖరి రోజున మా పెనం అడుగున అంటుకునేది ఇలాగే ఉంటుంది. చిన్నప్పుడు దానికోసం కొట్టుకునేవాళ్ళం" అన్నాడు. ఒక సీసా నల్ల సిరప్ చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. మీ నాన్నకి అన్నాడు.

ఆ వారం చివర్లో ఉత్తరాన ఒరిలియా వైపు మంచువాన పడి చెట్లు విరిగి రోజుల తరబడి కరెంటు పోయింది. మా దగ్గర కొమ్మలకి గాజు తొడుగు వేసినట్టయి ఊరుకుంది. మార్చి 30, ఉగాది. కిచెనర్ ఇండియన్ షాపులో మామిడికాయ దొరికింది, వేపపువ్వు అమ్మ ఎండబెట్టి ఇచ్చింది ఉంది. పచ్చడిలో నాన్న బెల్లం వేశాను. కిటికీ బయట చినుకులా మంచా తెలియనిదేదో పడుతోంది. పక్కింటి ముసలాయన మూడు డిగ్రీల్లో నిక్కరు వేసుకుని కారు కడుగుతున్నాడు.

నాన్నకి ఫోన్ చేశాను. కుశలాలయ్యాక, "పొలం ఎవరో లేఅవుట్ వాళ్ళు అడుగుతన్నారు. నువ్వేటంటావు?" అన్నాడు.

"నీ ఇష్టం నాన్నా."

"నా ఇష్టం కాదు, నిన్నే అడుగుతన్నాను."

గ్లాసులో పచ్చడి పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైను కట్ అయిందేమోనని నాన్న రెండుసార్లు హలో హలో అన్నాడు. ఉన్నానన్నాను.

"పాత ఇనప సామాను కొనేవాడు పెనం కూడా అడుగుతన్నాడు. కేజీల లెక్కన ఇస్తానంటన్నాడు" అన్నాడు.

"పెనం ఇవ్వద్దు."

"ఉంచి ఏం చేస్తావురా?"

దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అమ్మితే ఊరుకోనని మాత్రం గట్టిగా చెప్పాను, ఆ గట్టితనం జనవరిలో ఉండాల్సిందని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. "సరేలే" అన్నాడు.

ఏప్రిల్ మొదట్లో మా ఊళ్ళో మేపుల్ సిరప్ పండగ. 1965 నుంచీ జరుగుతోందట, 2000 లో ఒక్కరోజు సిరప్ పండగల్లోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. మెయిన్ రోడ్డు మూసేసి పాన్‌కేకులు వేస్తారు, మన ఊరి తీర్థం లాగే ఉంటుంది. ఆ వారం గడిచాక పొలం గేటు దగ్గర పలక మీద సిరప్ అన్న మాట చెరిపేసి ఉంది, కోడిగుడ్లు మిగిలాయి. మొగ్గలు ఉబ్బాయి. మాల్ పార్కింగులో ఆఖరి మంచు కుప్ప మే మొదటి వారం దాకా ఉంది, నల్లగా, పడుకున్న గేదె అంత.

సిరప్ సీసా డిసెంబర్లో వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళాను, రెండు వారాల సెలవు పెట్టి. నాన్న వేలితో నాకి చూసి, "పల్చన" అన్నాడు. రెండో వేలు కూడా ముంచాడు. పొలంలో సరిహద్దు రాళ్ళు పాతారు. పెనం పెరట్లో ఉంది. అమ్మ అందులో గేదెకి కుడితి పోస్తోంది.